నగరంలో ఇల్లు అమ్మేసి పల్లెకు వెళ్లిపోవాలా? వెళ్లినవాళ్లూ, వెనక్కి వచ్చినవాళ్లూ చెప్పండి

నాలుగోఅంతస్తు (ఆదివారం, రాత్రి 10:40)

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఇక్కడ చదివి వెళ్లిపోయేవాణ్ణే కానీ రాయడం ఇదే మొదటిసారి.

18 ఏళ్లుగా నగరంలో ఉంటున్నాను. నాలుగో అంతస్తులో సొంత ఇల్లు. నేను, నా భార్య, 9 ఏళ్ల పాప, 71 ఏళ్ల అమ్మ. నా పని ఇంటి నుంచే; నెలకు రెండుసార్లు ఆఫీసుకు వెళితే చాలు. నా భార్య అనువాదాలు చేస్తుంది, ఆమెకూ కంప్యూటర్ ఉంటే ఎక్కడైనా ఒకటే.

ఈమధ్య ఒక స్నేహితుడి పాత ఇల్లు ఖాళీగా ఉందంటే వెళ్లి పది రోజులు ఉండి వచ్చాం. నగరానికి 90 కిలోమీటర్లు. చుట్టూ పొలాలు, వెనక బావి, ముందు పెద్ద చెట్టు. మొదటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చప్పుడు లేకపోవడమే చెవుల్లో హోరులా అనిపించింది. రెండో రాత్రి నుంచి ఒళ్లు తెలియని నిద్ర. పాప పొద్దున లేవగానే చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరుగు. అమ్మ రోజంతా వరండాలో కుర్చీ వేసుకుని రోడ్డు వైపు చూస్తూ ప్రశాంతంగా కూర్చుంది.

తిరిగి వచ్చిన రాత్రి, రెండు గంటలప్పుడు, మా వీధిలో లారీ వెనక్కి వస్తూ కూసే కూతకు ఉలిక్కిపడి లేచాను. ఇన్నేళ్లూ ఆ కూత లేదా? ఉందట. నాకే వినిపించలేదు.

స్నేహితుడు ఆ ఇల్లు అమ్ముతానంటున్నాడు. ఇక్కడిది అమ్మేసి అది కొనుక్కుని వెళ్లిపోదామని నాకు గట్టిగా ఉంది. నా భార్యకు సగం మనసు ఉంది. దూరపు కొండలు నునుపని నాకూ తెలుసు. దయచేసి ఆ సామెత తప్ప ఇంకేదైనా చెప్పండి.

బావిగిలక (ఆదివారం, రాత్రి 11:25)

ఆరేళ్ల క్రితం వెళ్లాను. ఇంకా ఇక్కడే ఉన్నాను, వెనక్కి వచ్చే ఉద్దేశం లేదు. కాబట్టి మిమ్మల్ని భయపెట్టే హక్కు నాకుందనుకుంటున్నాను.

ఏ నెలలో వెళ్లారో రాయలేదు మీరు. చల్లగా, పొడిగా, దోమలు లేని రోజుల్లో వెళ్లి ఉంటారు. సెలవుల్లో చూసిన ఊరు వేరు, బురదలో మంగళవారం నాడు చూసే ఊరు వేరు. ఆ ప్రాంతంలో అన్నిటికంటే చెడ్డ నెల ఏదో కనుక్కుని, ఆ నెల అంతా అక్కడ ఉండి, అప్పుడు కొనే మాట ఎత్తండి. అప్పటిదాకా అద్దెకే తీసుకోండి. ఇక్కడి ఇల్లు మాత్రం అమ్మకండి. ఒకసారి నగరంలో ఇల్లు వదులుకున్నాక మళ్లీ అందుకోవడం ఎంత కష్టమో చాలామందిని చూశాను.

రెండోది. నగరంలో గోడకు కుళాయి ఉంటుంది. గోడ వెనక ఏముందో మీకు తెలియక్కర్లేదు. ఇక్కడ ఆ వెనకున్నదంతా మీదే. మేం వచ్చిన రెండో వానాకాలంలో రాత్రి పదకొండింటికి మోటారు ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. కాలిన వాసన. వానలో టార్చి పళ్లమధ్య పట్టుకుని ఫ్యూజు చూశాను, బాగానే ఉంది. అంటే మోటారే పోయింది. అది బావి అడుగున, నీళ్లలో ఉంది. బాగుచేసే మనిషి మూడో రోజు ఉదయం వచ్చాడు. ఆ రెండు రోజులూ చేదుకున్నాం. గిలక మీద తడి తాడు జారితే అరచెయ్యి ఎలా కాలుతుందో నాకు అప్పుడే తెలిసింది. నా పేరు అక్కడిదే.

మురుగు సంగతీ అంతే. మీ ఇంటి వెనక సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో, ఎప్పుడు తోడించారో ఆ స్నేహితుణ్ణి అడగండి. మూడు నుంచి ఐదేళ్లకోసారి తోడించాలి. అడిగితే ఆయన నవ్వుతారు చూడండి.

ఇంటర్నెట్ గురించి మీరు ఒక్క ముక్క రాయకపోవడం నాకు మరీ ఆశ్చర్యం. మీ ఇద్దరి సంపాదనా ఒకే తీగ మీద వేలాడుతోంది. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచి ఉండే పాతరకం ఉపగ్రహం ద్వారా అయితే మాట వెళ్లి జవాబు రావడానికే అర సెకను పైన పడుతుంది, సమావేశాల్లో ఒకరి మాట మీద ఇంకొకరు పడతారు. కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోనే తిరిగే కొత్తవాటితో ఆ బాధ లేదు. మీరు చూసిన ఊళ్లో ఏది దొరుకుతుందో కనుక్కున్నారా?

రాత్రిడ్యూటీ (సోమవారం, ఉదయం 6:10)

అత్యవసర విభాగంలో నర్సును. ఇప్పుడే డ్యూటీ దిగాను, కాబట్టి మాట కాస్త మొరటుగా ఉండవచ్చు.

మీ ఇంట్లో 71 ఏళ్ల మనిషి ఉన్నారు. పక్షవాతం వచ్చిందనుకోండి. రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఆ గడియారం మీరు చూసిన క్షణం నుంచి కాదు, ఆమె చివరిసారి మామూలుగా ఉన్న క్షణం నుంచి తిరుగుతుంది. పైగా ముందు స్కాన్ తీయాలి. గడ్డ కాకుండా రక్తస్రావమైతే అదే మందు ప్రాణం తీస్తుంది. స్కాన్ లేని ఆసుపత్రి ఎంత దగ్గరున్నా ఈ విషయంలో లేనట్టే. చికిత్స అందని ప్రతి నిమిషానికీ మెదడులో సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో ఒక లెక్క కట్టారు. మేం ఆ అంకెను గోడకు అంటించుకున్నాం.

అందుకని ఆసుపత్రి ఎన్ని కిలోమీటర్లని అడగకండి. ఆదివారం రాత్రి మూడింటికి స్కాన్ తీసే చోటు ఎన్ని నిమిషాలో అడగండి.

చెప్పులు లేకుండా పరుగెత్తే పాప గురించి. పాముకాటుతో ప్రపంచంలో ఏటా 81,000 నుంచి 1,38,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, ఎక్కువమంది పల్లెల వాళ్లే. కాటు పడితే కట్టు బిగించకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. కాలు కదలకుండా ఉంచి విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ మందు ఎక్కడ ఉంటుందో కాటు పడకముందే తెలిసి ఉండాలి. రాత్రి టార్చి, కాళ్లకు బూట్లు. అంతే, నిద్రపోతున్నాను.

నాలుగోఅంతస్తు (సోమవారం, ఉదయం 9:05)

ఇద్దరికీ కృతజ్ఞతలు. మేం వెళ్లింది మంచి చలికాలంలోనే, దొరికిపోయాను. సెప్టిక్ ట్యాంకు గురించి అడిగితే స్నేహితుడు నిజంగానే నవ్వాడు. స్కాన్ ఉన్న ఆసుపత్రి 35 కిలోమీటర్లట. 40 నిమిషాల్లో వెళ్లిపోవచ్చు అంటున్నాడు.

రాత్రిడ్యూటీ (సోమవారం, సాయంత్రం 4:30)

ఆయన చెప్పింది పగటిపూట, ఎండిన రోడ్డు మీద, సొంత కారులో. అంబులెన్స్ అయితే అది బయల్దేరి మీ దగ్గరికి రావాలి, తరువాత మళ్లీ వెళ్లాలి. రెండు ప్రయాణాలు కలిపి చూసుకోండి. ఇంట్లో కారు నడపడం వచ్చినవాళ్లు ఎందరు?

నాలుగోఅంతస్తు (సోమవారం, సాయంత్రం 4:52)

ఒక్కణ్ణే.

పాతసైకిలు (సోమవారం, రాత్రి 8:15)

నేను 22 ఏళ్లు పల్లెలో పెరిగి 41 ఏళ్లుగా నగరంలో ఉన్నవాణ్ణి. పల్లె గురించి కవిత్వం రాసేవాళ్లలో అక్కడ వరసగా రెండు వానాకాలాలు గడిపినవాళ్లు ఎంతమందో నాకు అనుమానమే.

నగరం నాకిచ్చిన గొప్ప వరం నన్ను ఎవరూ పట్టించుకోకపోవడం. నా ఊళ్లో నేను ఫలానావాడి మనవణ్ణి, ఫలానావాడి కొడుకుని. పరీక్ష తప్పితే సాయంత్రానికి ఊరంతా నాకంటే ముందే బాధపడేది. నగరంలో దిగిన మొదటిరోజు బస్టాండులో రెండు గంటలు ఊరికే కూర్చున్నాను. వేలమంది నా ముందు నుంచి వెళ్లారు. ఒక్కరూ ‘ఏమిటిలా వచ్చావు’ అని అడగలేదు. అంత హాయి నాకు మళ్లీ దొరకలేదు.

నిద్ర కోసం ఊరు మారతానంటున్నారు ఈయన. కిటికీ మార్చుకోండి స్వామీ.

బావిగిలక (సోమవారం, రాత్రి 8:40)

పాతసైకిలు గారూ, మిమ్మల్ని ఎవరూ పట్టించుకోకపోవడం 22 ఏళ్ల వయసులో వరం. 70 దాటాక కూడా వరమేనా? మూడు రోజులు నా తలుపు తెరుచుకోకపోతే ఇక్కడ కనీసం నలుగురు వచ్చి చూస్తారు. ఆరా తీసే ఊరే ఆదుకుంటుంది కూడా. ఒకటి వద్దని రెండోది మాత్రం పుచ్చుకోవడం కుదరదు.

పాతసైకిలు (సోమవారం, రాత్రి 8:58)

నా వయసు ఎత్తి పొడవనక్కర్లేదు. నా తలుపు తెరుచుకోకపోతే ఎదురింటి విద్యార్థి పావుగంటలో తడతాడు, ఎందుకంటే నా వార్తాపత్రిక వాడే చదువుతాడు. మీ ఊళ్లో వచ్చే ఆ నలుగురూ బయటినుంచి వచ్చిన కుటుంబం తలుపు కూడా తడతారా, లేక ఊరివాళ్లదేనా? అది చెప్పండి.

బావిగిలక (సోమవారం, రాత్రి 9:10)

మూడో ఏడాది నుంచి తట్టారు. మొదటి రెండేళ్లు లేదు. అది ఒప్పుకుంటాను.

నిర్వాహకుడు (సోమవారం, రాత్రి 9:15)

వయసుల జోలికి వెళ్లకుండా కానివ్వండి. చర్చ బాగుంది.

వంకరగీత (మంగళవారం, ఉదయం 11:20)

పట్టణ ప్రణాళికలు గీసి బతికేవాణ్ణి. ఆ లారీ కూత సంగతి నన్ను పట్టుకుంది. ‘ఇన్నేళ్లూ నాకు వినిపించలేదు’ అన్నారు కదా. మనసుకు వినిపించలేదు, అంతే. నిద్రలో చెవి మూసుకోదు. మెలకువ రాకపోయినా గుండె వేగం మారుతుంది, నిద్ర లోతు తగ్గుతుంది. రోడ్డు చప్పుడు రాత్రిపూట సగటున 45 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఐరోపా ప్రాంతానికి ఇచ్చిన సూచన. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి శబ్దం దాదాపు రెట్టింపైనట్టు తోస్తుంది. మీ పడకగది కిటికీ దగ్గర కొలిచి చూడండి, ఫోనులో కొలిచినా ఉజ్జాయింపుగా తెలుస్తుంది.

మనసు ఇలా మొద్దుబారడం గురించి 1903లోనే గియోర్గ్ జిమ్మెల్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త రాశాడు. నగరంలో కంటికీ చెవికీ తగిలేవి అన్నీ పట్టించుకుంటే మనిషి బతకలేడు, అందుకని దేనికీ చలించని ఒక తొడుగు వేసుకుంటాడని. పాతసైకిలు గారికి బస్టాండులో హాయినిచ్చింది ఎదుటివాళ్లు వేసుకున్న ఆ తొడుగే. మీరు పల్లెలో పది రోజులు దాన్ని విప్పారు. తిరిగి వచ్చిన రాత్రి ఇంకా వేసుకోలేదు, అందుకే లారీ వినిపించింది. నెల ఆగితే మళ్లీ వినిపించదు. అది మంచిదో చెడ్డదో నేను చెప్పలేను.

నగరం రాత్రిళ్లు చల్లబడదన్నది కూడా పాత సంగతే. చుట్టుపక్కల పల్లెల కంటే లండన్ రాత్రి ఎక్కువ వెచ్చగా ఉంటోందని ల్యూక్ హోవర్డ్ 19వ శతాబ్దం మొదట్లోనే కొలిచి చూపించాడు. పగలు ఎండను తాగిన గోడలు, రోడ్లు రాత్రంతా దాన్ని వదులుతుంటాయి. నాలుగో అంతస్తు, పైన ఇంకో అంతస్తు లేకపోతే ఇంకా తెలుస్తుంది.

ఇంకొక హోవర్డ్ ఉన్నాడు, ఈయనకు చుట్టం కాదు. ఎబినెజర్ హోవర్డ్, వృత్తికి సంక్షిప్తలిపి రాసే గుమాస్తా. 1898లో మూడు అయస్కాంతాల బొమ్మ వేశాడు. ఒకటి పట్టణం: పని, మనుషులు, వినోదం, వాటితోపాటు అద్దెలూ పొగా. రెండోది పల్లె: గాలి, వెలుతురు, వాటితోపాటు పనిలేమీ ఒంటరితనమూ. మధ్యలో ‘జనం ఎటు వెళతారు?’ అని ప్రశ్న. మూడోది రెండూ కలిసిన ఊరు, సుమారు 32,000 మందికి. ఊరికే బొమ్మ గీసి ఊరుకోలేదు, 1903లో ఇంగ్లండులో లెచ్‌వర్త్ మొదలుపెట్టించాడు. అది ఇప్పటికీ ఉంది.

ఇంత చెప్పింది ఎందుకంటే, మీ ప్రశ్నలో రెండే వీధులున్నాయి. ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం 2020లో ఒప్పుకున్న కొలతలోనే మూడు మెట్లున్నాయి. చదరపు కిలోమీటరుకు 1,500 మంది చొప్పున కనీసం 50,000 మంది ఒకచోట ఉంటే నగరం. 300 మంది చొప్పున కనీసం 5,000 మంది ఉంటే పట్టణం. మిగిలింది పల్లె. ఆ మధ్యమెట్టు మీద ఎవరికీ చూపు ఆనదు. స్కాన్ ఉన్న ఆసుపత్రి 35 కిలోమీటర్లలో ఉందన్నారే, అది ఏ ఊళ్లో ఉంది? ఆ ఊరు ఎలా ఉంటుందో ఎప్పుడైనా చూశారా?

నాలుగోఅంతస్తు (మంగళవారం, మధ్యాహ్నం 1:30)

చూడలేదండీ. దాని మీదుగా వెళ్లాం, దిగలేదు. ట్రాఫిక్ ఉందని విసుక్కున్నాను కూడా.

పడకగది కిటికీ దగ్గర ఫోను 58 చూపిస్తోంది. మధ్యాహ్నమే అనుకోండి.

చిలకపచ్చ (మంగళవారం, సాయంత్రం 6:45)

పాప గురించి ఎవరూ సరిగా రాయలేదు, పాములు తప్ప.

మాకు ఇద్దరమ్మాయిలు. పెద్దదానికి 8 ఏళ్లప్పుడు పల్లెకు వెళ్లాం. మొదటి నాలుగేళ్లూ బంగారం. బయట వెలుతురులో గడిపే పిల్లలకు హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం) వచ్చే అవకాశం తక్కువని తేలింది. తైవాన్‌లో 2010 నుంచి బడిపిల్లల్ని రోజుకు రెండు గంటలు బయట ఉంచాలని ప్రభుత్వమే కార్యక్రమం పెట్టింది. మాకు రెండు గంటల లెక్క అవసరమే రాలేదు, చీకటి పడ్డాక కూడా లోపలికి రమ్మని అరవాల్సి వచ్చేది. పశువుల మధ్య, పొలాల్లో పెరిగిన పిల్లలకు ఉబ్బసం, అలర్జీలు తక్కువని ఐరోపాలో చాలాసార్లు గమనించారు. అదీ బాగుంది.

పెద్దదానికి 13 వచ్చేసరికి కథ మారింది. స్నేహితురాలి ఇల్లు 12 కిలోమీటర్లు. గ్రంథాలయం 20. ఈత నేర్చుకుంటానంటే 30. చివరి బస్సు సాయంత్రం ఆరింటికి. ఎక్కడికి వెళ్లాలన్నా నన్నో, వాళ్ల నాన్ననో అడగాలి. నగరంలో ఆ వయసు పిల్ల బస్సెక్కి తనే వెళ్లి వస్తుంది. స్వేచ్ఛ కోసం పల్లెకు తీసుకెళ్లిన పిల్లకు కారు తాళాలు మా చేతిలో ఉన్నంతే స్వేచ్ఛ మిగిలింది. ఒకరోజు ‘అమ్మా, నేనెక్కడికీ ఒంటరిగా వెళ్లలేదు, నీకు తెలుసా’ అంది. కోపంగా కూడా కాదు, లెక్క చెప్పినట్టు.

చిన్నదానికి ఏ ఇబ్బందీ లేదు. అది మేకలాంటిది, ఎక్కడ వదిలినా ఉంటుంది. మీ పాప ఎలాంటిదో మీకే తెలియాలి.

ఏకాకిమేఘం (మంగళవారం, రాత్రి 10:05)

నేను వెళ్లి రెండేళ్లకు వెనక్కి వచ్చాను. ఎందుకొచ్చానని అందరూ అడుగుతారు. పామా, కరెంటా, నీళ్లా అని. అవేవీ కావు. నా భర్తకు పని ఉంది, ఫోనులో రోజంతా నలుగురితో మాటలు. పని అయ్యాక చెట్ల కింద తిరిగేవాడు. నాకు మాట్లాడటానికి ఎవరూ లేరు. ఊళ్లో ఆడవాళ్లు మంచివాళ్లే, కానీ వాళ్ల మాటలన్నీ 30 ఏళ్ల కింద మొదలైనవి. మధ్యలో వచ్చి కూర్చుంటే ఎవరి గురించో, ఎప్పటి తగాదాయో తెలియదు. నవ్వాల్సిన చోట ఒక క్షణం ఆలస్యంగా నవ్వేదాన్ని.

గాలి విషయం కూడా చెప్పాలి. సన్నని ధూళికణాలు ఘనపు మీటరుకు ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు మించకూడదని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. అంతకుముందు 10 ఉండేది. పల్లె అంటే దానంతట అదే ఆ హద్దులో ఉంటుందనుకోకండి. కోతలయ్యాక దుబ్బులు కాల్చే వారాల్లో మేం కిటికీలు మూసుకుని కూర్చున్నాం. పురుగుమందు చల్లేరోజు గాలి ఎటు వీస్తోందో చూసుకుని బట్టలు ఆరేసేదాన్ని.

నాలుగోఅంతస్తు గారూ, మీరు రాసింది మళ్లీ చదివాను. మీ నిద్ర గురించి ఐదు వాక్యాలున్నాయి. మీ భార్య గురించి ‘సగం మనసు’ అని ఉంది. ఆ రెండో సగంలో ఏముందో అడిగారా? మీ అమ్మగారి గురించి వయసూ, ఒక కుర్చీ ఉన్నాయి. ‘ప్రశాంతంగా కూర్చుంది’ అన్నారు. ఆమె అన్నారా ప్రశాంతంగా ఉందని? ఇక్కడ మేమంతా ఆమెకు పక్షవాతం తెప్పించి ఆసుపత్రికి తీసుకెళ్లి వచ్చేశాం, ఆమెకేం కావాలో ఒక్కరం అడగలేదు.

రాత్రిడ్యూటీ (మంగళవారం, రాత్రి 10:20)

అది నాకే తగిలింది. నిజమే.

వంకరగీత (బుధవారం, ఉదయం 9:40)

మేం వృత్తిలో చేసే తప్పూ అదే. మ్యాపు మీద దూరాలన్నీ కొలుస్తాం.

పాతసైకిలు (శుక్రవారం, సాయంత్రం 5:00)

మూడు రోజులైంది, ఆయన జాడ లేదు. లారీ కింద పడలేదు కదా?

నాలుగోఅంతస్తు (శనివారం, రాత్రి 11:50)

ఉన్నానండీ. అడిగాను.

అమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. ‘నువ్వు ఎక్కడుంటే అక్కడే కదా’ అంది. అది జవాబు కాదని నాకు ఈ చర్చ చదివాకే తెలిసింది. మర్నాడు మళ్లీ అడిగాను. వరండాలో రోజంతా ఏం చూశావమ్మా అని. ‘ఎవరైనా వస్తారేమోనని చూశాను’ అంది. ‘పది రోజుల్లో ఏడుగురు ఆ దారిన వెళ్లారు. ఇద్దరు తల తిప్పి చూశారు.’ లెక్కపెట్టింది!

ఆ బావి దగ్గరికి ఆమె ఒక్కసారీ వెళ్లలేదని నాకప్పుడు గుర్తొచ్చింది. నేను గిలక చప్పుడు విని మురిసిపోయి ఫోనులో రికార్డు చేసుకున్నాను. ఆమెకు పెళ్లయ్యాక తొమ్మిదేళ్లు రోజూ నలభై బిందెలు తోడాల్సి వచ్చిందట. నగరానికి వచ్చినరోజు కుళాయి తిప్పి, నీళ్లు వస్తుంటే కట్టకుండా కాసేపు అలాగే నిలబడిందట. ఈ సంగతి 44 ఏళ్ల నాకు ఇప్పటిదాకా తెలియదు. ‘నీకు పల్లె అంటే సెలవులు. నేనక్కడ పనిచేశాను’ అంది. తగాదా పడినట్టు కాదు, మామూలుగానే.

లారీ సంగతి చెప్పాను. ఆమెకు అది తెలుసు. రాత్రి నిద్ర పట్టనప్పుడు అది వచ్చిందంటే రెండు దాటిందన్నమాట, ఇంకో మూడు గంటల్లో పాలవాళ్ల బండ్లు మొదలవుతాయి, ఎవరో ఒకరు లేచి ఉంటారు అనుకుంటుందట. నన్ను నిద్రలేపిన కూత ఆమెకు తోడట.

మరి నీకు ఇక్కడ ఏ ఇబ్బందీ లేదా అంటే ఉందంది. మెట్లు. లిఫ్టు నెలకు నాలుగు రోజులు పనిచేయదు. సాయంత్రం కింద బల్ల దగ్గర కూర్చునే నలుగురిలో తనొక్కతే ఆ రోజుల్లో రాలేదు. పైనుంచి కిటికీలోంచి చూస్తుందట. ‘ఊరు మార్చడం కంటే అంతస్తు మార్చడం తేలిక కదరా’ అంది.

నా భార్య రెండో సగం ఏమిటంటే, కారు. తనకు నడపడం రాదు. వెళ్లాక ప్రతిదానికీ నన్ను అడగాలని, చిలకపచ్చ గారి అమ్మాయి చెప్పిన మాటే. నాకు నోట మాట రాలేదు.

పాతసైకిలు (ఆదివారం, ఉదయం 5:40)

మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. నలభై బిందెలంటే ఏమిటో తెలిసినవాణ్ణి.

బావిగిలక (ఆదివారం, ఉదయం 7:15)

మోటారు కాలిపోయిన రెండు రోజులకే నేను పేరు పెట్టుకున్నాను చూశారా. సిగ్గుగా ఉంది, కానీ పేరు మార్చను.

ఒక్క మాట. అమ్మగారికి వద్దంటే మీ కోరిక అబద్ధమైపోదు. మీకు నిద్ర పట్టింది నిజం. అది కూడా లెక్కలోకి రావాలి.

వంకరగీత (ఆదివారం, ఉదయం 10:30)

దానికి తోడు ఒక సంగతి. ఇంగ్లండులో సుమారు 20,000 మంది మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో వారానికి మొత్తం 120 నిమిషాలు పచ్చదనంలో గడిపేవాళ్లు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. ఒకేసారి గడిపినా, విడివిడిగా గడిపినా తేడా కనిపించలేదు. కారణం అదేనని అది రుజువు చేయలేదు, ఆరోగ్యం బాగున్నవాళ్లే ఎక్కువ తిరుగుతారేమో కూడా. కానీ రెండు గంటల కోసం ఇల్లు అమ్మక్కర్లేదు.

నాలుగోఅంతస్తు (ఐదు నెలల తరువాత, గురువారం, సాయంత్రం 7:20)

పాత చర్చను లేపుతున్నందుకు మన్నించండి. ఏమైందని ఇద్దరు ముగ్గురు విడిగా అడిగారు.

ఇల్లు అమ్మలేదు, అద్దెకిచ్చాం. రెండు వీధుల అవతల కింది అంతస్తులో అద్దెకు దిగాం. వెనకవైపు పడకగది, రాత్రి 41 చూపిస్తోంది. అమ్మ బల్ల దగ్గరికి నడిచే వెళుతుంది, కాస్త దూరం పెరిగిందని సణుగుతుంది. నా భార్య కారు నేర్చుకుంటోంది. ఎక్కడికీ వెళ్లకపోయినా నేర్చుకోవాలనుకుంది.

స్నేహితుడి ఇల్లు ఏడాదికి అద్దెకు తీసుకున్నాను. అక్కడ చెడ్డ నెల ఇదేనట, అందుకే పాపా నేనూ వచ్చి మూడు వారాలైంది, ఇంకో వారం ఉంటాం. కరెంటు మూడుసార్లు పోయింది, ఒకసారి 31 గంటలు. ఫోను టవరు కూడా దాంతోపాటే చచ్చింది. ఒక ముఖ్యమైన సమావేశానికి బండేసుకుని ఆసుపత్రి ఉన్న ఆ మధ్యమెట్టు ఊరికి వెళ్లి, బస్టాండు ఎదుట కారులో కూర్చుని హాజరయ్యాను. ఊరు బాగుందండీ వంకరగీత గారూ. పెద్ద చెరువు ఉంది, దాని గట్టు మీద బల్లలున్నాయి, సాయంత్రం జనం ఉంటారు. వచ్చే ఆదివారం అమ్మను తీసుకొచ్చి అక్కడ కూర్చోబెడదామనుకుంటున్నాను. ఏమీ చెప్పకుండా.

ఇప్పుడు అసలు ప్రశ్న, బావిగిలక గారికి. మీరు బావి గురించీ మురుగు గురించీ రాసింది చదివాక బావి నీళ్లు పరీక్షకు ఇచ్చాను. నైట్రేట్ 68 అని వచ్చింది. చూస్తే అద్దంలా ఉన్నాయి, రుచి కూడా బాగుంది. కాచి తాగితే సరిపోతుందా?

బావిగిలక (గురువారం, రాత్రి 7:55)

వద్దు! కాస్తే క్రిములు చస్తాయి కానీ నైట్రేట్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గుతాయి కాబట్టి ఇంకా చిక్కబడుతుంది. దానికి రంగూ రుచీ వాసనా ఉండవు. తాగే నీటిలో లీటరుకు 50 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. పోతపాలు తాగే పసిపిల్లలకు మరీ ప్రమాదం, మీ పాప పెద్దదే అనుకోండి. అయినా తాగడానికి ఈరోజు నుంచే వేరే నీళ్లు తెచ్చుకోండి.

కాగితం మీద ‘నైట్రేట్’ అని ఉందా, ‘నైట్రేట్ నైట్రోజన్’ అని ఉందా చూడండి. రెండోది అందులోని నైట్రోజన్ ఒక్కదాన్నే లెక్కిస్తుంది కాబట్టి హద్దు సుమారు 11 మాత్రమే, అప్పుడు 68 అంటే ఘోరం. క్రిముల పరీక్ష కూడా చేశారా? అది కూడా చెడ్డగా వస్తే మురుగు దిగుతోందని అనుమానం. అది బాగుంటే పొలాల ఎరువు కావచ్చు. సెప్టిక్ ట్యాంకుకూ బావికీ మధ్య ఎంత దూరం? కనీసం 15 మీటర్లు ఉండాలంటారు. అడుగులతో నడిచి చెప్పకండి, టేపుతో కొలవండి.

నాలుగోఅంతస్తు (గురువారం, రాత్రి 8:30)

కాగితం మీద నైట్రేట్ అనే ఉంది. క్రిముల పరీక్ష చేయించలేదు, రేపు ఇస్తాను.

వానలోనే కొలిచాం. పాప టార్చి పట్టుకుంది, బూట్లు వేసుకునే. తొమ్మిది మీటర్ల ఇరవై. స్నేహితుడికి ఫోన్ చేశాను. ఈసారి నవ్వలేదు.